హువాచింగ్ ఉష్ణకుండం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ హువాచింగ్ ఉష్ణకుండం గారికి,

చైనాలోని షియాన్‌ నగరానికి తూర్పున ముప్పై కిలోమీటర్ల దూరంలో, లీషాన్ కొండ పాదాన కొలువైన తమకు నమస్కారాలు. మీ నీళ్ళతో మాకు పేచీ లేదు. వాన నీరు భూమి లోతుల్లోకి దిగి, అక్కడ వేడెక్కి, కొండ అంచు పగులు వెంట పైకొస్తుంది. చుట్టుపక్కల అగ్నిపర్వతం జాడ లేకుండానే 43 డిగ్రీలు! పేచీ అంతా మీ పేరుతోనే. స్నానానికి జగత్ప్రసిద్ధి పొందిన చోట స్నానం లేదు. సీజన్‌లో 120 యువాన్ల టికెట్ కొని, పాస్‌పోర్ట్ చూపించి లోపలికొచ్చినవాళ్ళకి దక్కేది నల్లా కింద చేతులు తడుపుకునే భాగ్యమే.

మీ గేటు దాటగానే తాంగ్ వంశపు షువాన్‌జోంగ్ చక్రవర్తి ప్రియురాలు యాంగ్ గుయిఫెయ్ తెల్ల పాలరాతి బొమ్మ, దాని వెనక తొమ్మిది డ్రాగన్ల చెరువు. జనం అక్కడే గుంపుకట్టి, ఇదే తాంగ్ రాజుల కొలను కాబోలని ఫొటోలు దిగుతారు. ఆ చెరువు తవ్వింది 1959లో. అసలు కొలనులు 1982లో మట్టి కింద బయటపడ్డాయి. వాటిని చూడాలంటే మ్యూజియంలోకి నడవాలి. టూర్ బస్సు గైడు ఇచ్చే గంట సమయం ఆ బొమ్మ దగ్గరే ఖర్చయిపోతుంది.

ఆ మ్యూజియంలో ఉన్నవి నీళ్ళు లేని రాతి గుంటలు. అయినా మీ సరుకంతా అక్కడే ఉంది. గుయిఫెయ్ కొలను పువ్వు ఆకారంలో, రెండు అంచెల మెట్లతో, సుమారు 3.6 మీటర్ల పొడవు, 2.9 మీటర్ల వెడల్పు. అడుగున నడిమధ్య ఒక గుండ్రటి రంధ్రం, నీళ్ళు పైకి వచ్చే దారి. పక్కనే షువాన్‌జోంగ్ చక్రవర్తి కొలను 10.6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. వైశాల్యాలు లెక్కేస్తే ఆమెది ఆయన దాంట్లో ఆరో వంతు. అమరప్రేమ అని టికెట్ల మీద అమ్మేముందు ఈ లెక్క ఒకసారి చూసుకోండి.

ఇక మీ అతిథుల చిట్టా విప్పితే ఎవరూ బుకింగ్ చేసుకోరు. పైన కొండ మీద, శత్రువు వస్తే మంట వెలిగించి సైన్యాన్ని పిలిచే జ్యోతి బురుజు ఉంది. రాణిని నవ్వించడానికి శత్రువు రాకుండానే అక్కడ మంట వెలిగించాడని ఝౌ రాజు యూ మీద కథ. తర్వాత నిజంగా శత్రువొస్తే మంటని ఎవరూ నమ్మలేదట, క్రీస్తుపూర్వం 771లో ఆ రాజ్యం కూలింది. చైనా తొలి చక్రవర్తి చిన్ షీ హువాంగ్ దేవతతో పరాచికాలాడితే ఆమె మొహాన ఉమ్మేసిందట, పుండ్లు లేచాయట, తగ్గించింది మీ నీళ్ళేనట. 755లో సేనాని ఆన్ లూషాన్ తిరుగుబాటు కబురు షువాన్‌జోంగ్‌కి అందింది మీ దగ్గర ఉండగానే. మరుసటేడు గుయిఫెయ్ ప్రాణమే పోయింది. 1900లో బీజింగ్ నుంచి పారిపోతూ సీషీ మహారాణి దిగిందీ ఇక్కడే.

అన్నిటికీ మించిన అతిథి అప్పటి చైనా పాలకుడు చియాంగ్ కై-షేక్. 1936 డిసెంబర్ 12 తెల్లవారుజామున, ఆయన కింది సేనాని జాంగ్ శ్వేలియాంగ్ తిరగబడి పంపిన సైనికులు, ఆయన బస చేసిన ఐదు గదుల ఇంటి మీద కాల్పులు జరిపారు. ఆయన పెట్టుడు పళ్ళు గదిలోనే వదిలేసి, వెనక గోడ దూకి, నడుం విరగ్గొట్టుకున్నంత పనై, కొండ ఎక్కి రాళ్ళ సందులో దాక్కుని దొరికిపోయాడు. తూటా రంధ్రాలు పడ్డ కిటికీ అద్దాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. దగ్గరగా వంగి చూడండి, చుట్టూ పగుళ్ళు పాకిన తీరు కూడా కనిపిస్తుంది. ఆయన దొరికిన చోట 1946లో ఆయన్ని మెచ్చుకుంటూ మండపం కట్టారు. ప్రభుత్వం మారాక అదే 'చియాంగ్‌ని పట్టిన మండపం' అయింది, 1986లో మళ్ళీ మర్యాదైన పేరు పెట్టారు. రాయి అదే, బోర్డు రాసేవాడికే చేతినిండా పని. అక్కడికి మెట్లెక్కాలి కాబట్టి సగం మంది కిందనుంచే దణ్ణం పెట్టి వెనక్కి తిరుగుతారు. రోప్‌వేకి టికెట్ వేరే.

మిమ్మల్ని చేరడం మాత్రం సులువే. మెట్రో ఒకటో లైన్‌లో ఫాంగ్‌జిచెంగ్ దాకా, అక్కడ తొమ్మిదో లైన్‌కి మారితే మీ పేరుతోనే స్టేషన్. దిగాక 'టెర్రకోటా సైన్యం, రండి రండి' అనే కారువాళ్ళని దాటుకుని నడవాలి. ఆ మట్టి సైనికుల బొమ్మల దగ్గరికి మెట్రో పోదు, బస్సు మారాలి. రెండూ ఒకే రోజు చూడాలంటే పొద్దున వాళ్ళు, మధ్యాహ్నం మీరు. మీకు కనీసం మూడు గంటలు. ఫోన్‌తో డబ్బు కట్టే అలీపే యాప్‌కి కార్డు ఇంట్లోనే జోడించుకుని రావాలి, లేకపోతే కౌంటర్ దగ్గర ఫోన్‌తో కుస్తీ తప్పదు.

మునగాలనే పట్టుదల ఉన్నవాళ్ళు మీరున్న లిన్‌తోంగ్ ఊళ్ళో హోటళ్ళు వెతుక్కోవాలి. గది తీసుకునే ముందే అడగాలి: ఊట నీళ్ళా, బాయిలర్ నీళ్ళా? ఆడామగా కలిసే బయటి కొలనులకి ఈత దుస్తులు కావాలి, దానికి ముందు షవర్ గదిలో తెరలుండకపోవచ్చు, అందరి ముందే స్నానం. మనవాళ్ళు చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. 43 డిగ్రీల్లో పది, పదిహేను నిమిషాలు చాలు. భోంచేసిన వెంటనే దిగితే కళ్ళు తిరుగుతాయి. బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే దిగాలి, అందరూ మెల్లగా లేవాలి.

మా విన్నపం ఒక్కటే. టికెట్ కౌంటర్ పక్కన 'ఇక్కడ స్నానం లేదు' అని పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టించండి. ఎలాగూ బోర్డులు మార్చడం మీకు అలవాటేగా.

ఇట్లు,
పొడి తువ్వాళ్ళతో తిరిగెళ్ళే యాత్రికులు