తెలుసుకోకపోవడమూ హక్కే

డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ తన జన్యుక్రమాన్ని లోకం ముందు పెట్టడానికి ఒప్పుకుంటూనే, మతిమరుపు జబ్బు అల్జీమర్స్ ముప్పుతో ముడిపడిన ఏపీఓఈ జన్యువు సమాచారాన్ని మాత్రం బయటపెట్టవద్దన్నారు. ఆయన అమ్మమ్మ, నాయనమ్మల్లో ఒకరికి ఆ జబ్బు వచ్చింది. తనకూ ఆ ముప్పు ఉందో లేదో తెలుసుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. జన్యుశాస్త్రం అంత తెలిసిన మనిషి వద్దనుకున్న సమాచారాన్ని, జన్యు పరీక్ష చేసి, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల చేతిలో ఏ వివరణా లేకుండా పెట్టడం సబబేనా?

ఈ జన్యువులో ‘ఈ4’ (e4) అనే రకానికీ, అల్జీమర్స్‌కూ ఉన్న సంబంధం 1993లో బయటపడింది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి అది వస్తే ముప్పు సుమారు మూడు రెట్లు, ఇద్దరి నుంచీ వస్తే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు పెరుగుతుందని అంచనా. వినగానే గుండె జారిపోయే లెక్కే. అయినా ఒక్క ఈ4 ఉన్నవారిలో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు. అసలు ఈ4 లేనివారికీ వస్తుంది. పైగా దాని ప్రభావం అరవైలు, డెబ్బైలలో బలంగా ఉండి ఆ తర్వాత తగ్గుతుంది. ఎనభై దాటి చురుగ్గా ఉన్న మనిషికి అదే అంకె చూపి భయపెట్టడం అన్యాయం. అనేక జన్యువులను కలిపి లెక్కగట్టే ముప్పు స్కోర్లకు ఆధారమైన సమాచారమూ ప్రధానంగా ఐరోపా మూలాలున్నవారిదే. మిగతావారి విషయంలో వాటిని అంతగా నమ్మలేం.

ఫలితం తెలిస్తే అందరూ కుంగిపోతారని మేం అనడం లేదు. కౌన్సెలింగ్‌తో చెప్పినప్పుడు చాలామంది తట్టుకున్నారని 2009లో వెలువడిన అమెరికా అధ్యయనం చూపింది. కానీ 2014 నాటి మరో పరిశోధనలో, తమకు ఈ4 ఉందని తెలిసిన పెద్దలు, ఉన్నా ఆ సంగతి తెలియనివారి కంటే తమ జ్ఞాపకశక్తిని తక్కువగా అంచనా వేసుకున్నారు, ఒక జ్ఞాపకశక్తి పరీక్షలో వెనకబడ్డారు కూడా. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోతే, మొదలైపోయిందేమోనన్న టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

పరీక్షతో పని ఉన్న చోట చేయాల్సిందే. అల్జీమర్స్‌కు వాడే లెకానెమాబ్ వంటి మందు ఇచ్చే ముందు ఈ4 చూడటం అవసరం, ఎందుకంటే ఆ మందుతో రెండు ఈ4లు ఉన్నవారి మెదడులో వాపు, రక్తస్రావం ముప్పు ఎక్కువ. ఏ లక్షణమూ లేని మనిషికి మాత్రం మామూలు హెల్త్ చెకప్‌లో కలిపి దీన్ని అంటగట్టకూడదు. బీమా సంస్థలకు ఈ ఫలితం అడిగే వీలే ఉండకూడదు. అమెరికా 2008లో చేసిన జన్యు వివక్ష నిరోధక చట్టం కూడా జీవిత బీమానూ, దీర్ఘకాల సంరక్షణ బీమానూ వదిలేసింది. ఆ ఖాళీని పూడ్చాలి.

మరో మాట. రెండు ఈ4లున్న తల్లి పిల్లల్లో ప్రతి ఒక్కరికీ ఒకటి తప్పక వస్తుంది. ఆమె రిపోర్టు తెరిస్తే, అడగకుండానే పిల్లల రిపోర్టూ తెరిచినట్టే. అందుకే రక్తం తీయకముందే కౌన్సెలర్ ఈ సంగతి ఆమెకు చెప్పాలి, వద్దనుకుంటే లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ ఆమెకు ఉండాలి.