పుస్తకం మనల్ని నమ్ముతుందా?

హెమింగ్వే ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ చివర్లో ఒక చిన్న ఘట్టం ఉంది. 84 రోజులుగా ఒక్క చేపా పడని ముసలి శాంటియాగో నడిసముద్రంలోకి పోయి, తన పడవకంటే పొడవైన మార్లిన్ అనే చేపను పడతాడు. ఒడ్డుకు తెచ్చేలోగా షార్కులు దాన్ని తినేస్తాయి. మిగిలింది తల, తోక, రెంటికీ మధ్య తెల్లటి వెన్నెముక. ఒడ్డున ఆ ఎముకలను చూసిన ఒక పర్యాటకురాలు అదేమిటని వెయిటర్‌ను అడుగుతుంది. అతను జరిగింది చెప్పబోయి ముందుగా షార్కు అన్న మాట అంటాడు. షార్కులకు ఇంత అందమైన తోక ఉంటుందని తనకు తెలియదంటుంది ఆమె. ఆ పొరపాటును ఎవరూ సరిదిద్దరు. ఇంకొక్క పేరాతో పుస్తకం అయిపోతుంది.

మూడు రోజుల పోరాటాన్ని కళ్లారా చూసింది ముసలివాడు, అతని తర్వాత మనమే. ఆ స్త్రీకి తెలియనిది మనకు తెలుసు. అది చాలనుకున్నాడు రచయిత. ‘పాపం, ఎవరికీ అర్థం కాలేదు’ అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ పేజీ చచ్చిపోయేది.

నేను ఒక వరసంటూ లేకుండా చదువుతాను. ఒక నవల, దాని తర్వాత భౌతికశాస్త్రం, ఆ తర్వాత ఎవరిదో డైరీ. విమర్శకులైతే ఒక పుస్తకాన్ని దాని కాలంలో, దాని సంప్రదాయంలో నిలబెట్టి చూస్తారు. నాలాంటి పాఠకుల దగ్గర ఒక పుస్తకం పక్కన నిలబడేది అంతకుముందు వారం చదివిన పుస్తకమే. అలా చదవగా చదవగా, ఏ పుస్తకం తెరిచినా ఒకే ప్రశ్న అడగడం అలవాటైంది. ఇది నన్ను నమ్ముతోందా? చదివేవాడికి కళ్లున్నాయి, మనసుంది, కాస్త ఆగి ఆలోచించుకోగలడు అని ఈ పుస్తకం అనుకుంటోందా?

కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ తీసుకోండి. ఒక్క రాత్రి కథ. పేరైనా లేని ఒక ముసలివాడు తప్పిపోయిన తన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. హెమింగ్వే నవలతో దీన్ని పోల్చడం మామూలే. ముసలివాడు, ప్రకృతి, ఒంటరి పోరు అనే పోలిక పైకి కనిపించేదే. రెండూ దగ్గరదగ్గరగా చదివితే మాత్రం నాకు తేడాయే పెద్దదిగా తోచింది. శాంటియాగో చేప కోసం వెళ్లాడు, దాన్ని తమ్ముడా అని ప్రేమగా పిలిచినా సరే, చంపడానికే వెళ్లాడు. ఈ ముసలివాడు వెళ్లింది తను పెంచుకున్న ప్రాణి కోసం. ఒకరిది వేట, ఇంకొకరిది సాకడం. అందుకే చీకట్లో ఈయన వేసే ప్రతి అడుగుకీ మన గుండె వేరే రకంగా కొట్టుకుంటుంది. ఇక పేరులో ఉన్న ‘జయించాడు’ అన్న మాట ఉందే, చివరి పేజీ దాటాక దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో పుస్తకం చెప్పదు. చెప్పకపోవడం వల్లే నేను దాన్ని మళ్లీ మళ్లీ తలచుకుంటున్నాను.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉండేవి వ్యక్తిత్వ వికాస పుస్తకాలు. నేను చాలానే చదివాను. కొన్ని పనికొచ్చాయి కూడా. కానీ వాటిలో చాలావాటి నడక ఒక్కటే: అధ్యాయం మొదట్లో చెప్పబోయేది చెప్తారు, మధ్యలో ఒక వ్యాపారవేత్త కథతో అదే చెప్తారు, చివర డబ్బా గీసి అదే మూడోసారి చెప్తారు. చదివేవాడు మరిచిపోతాడన్న భయం ప్రతి పేజీలో కనిపిస్తుంది. ఆ భయం వల్లేనేమో, నిజంగానే మరిచిపోతాం.

నేర్పడం అంటే ఇదే కదా అనేవాళ్లకు నేను రష్యన్ రచయిత పెరెల్మాన్‌ను చూపిస్తాను. ‘నిత్యజీవితంలో భౌతికశాస్త్రం’ మొదటి భాగం రష్యన్‌లో వచ్చింది 1913లో. రెండో భాగంలో ఆయన హెచ్.జి.వెల్స్ నవలలోని అదృశ్య మనిషిని పట్టుకుని ఒక ప్రశ్న వేస్తాడు: ఎవరికీ కనబడని ఆ మనిషికి లోకం కనబడుతుందా? పుస్తకం మూసి కాసేపు ఆలోచించాను. కంటికి చూపు రావాలంటే లోపలికొచ్చే వెలుగు వంగాలి, లోపలి పొర దాన్ని పీల్చుకోవాలి. ఒళ్లంతా గాలిలా పారదర్శకమైతే కన్నూ అంతే. వెలుగు అందులోంచి నేరుగా వెళ్లిపోతుంది. అంటే అదృశ్యుడు గుడ్డివాడు! ఈ సంగతి నాకు ఏళ్ల తరబడి గుర్తుంది, ఎందుకంటే సగం దూరం నేనే నడిచాను. పాఠకుడి చేత నడిపించడం తెలిసినవాడు పెరెల్మాన్. 1942లో, లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆయన చనిపోయాడని తర్వాతెప్పుడో తెలిసినప్పుడు, బాగా ఎరిగిన మేష్టారు పోయినంత బాధేసింది.

గాంధీ ‘సత్యశోధన’ దగ్గర నా కొలత కొంచెం తడబడుతుంది. ‘నవజీవన్’ పత్రికలో 1925 నుంచి వారం వారం గుజరాతీలో వచ్చిన ఆత్మకథ ఇది. ప్రతి సంఘటన వెనకాలా నీతి చెప్పడం ఆయన పద్ధతి. ఆ లెక్కన నాకు నచ్చకూడదు. కానీ తండ్రి మరణం గురించిన అధ్యాయం చదవండి. పదహారేళ్ల కుర్రాడు మంచం పట్టిన తండ్రి కాళ్లు పిసుకుతున్నాడు. రాత్రి పదిన్నరో పదకొండో అవుతోంది. బాబాయి వచ్చి, నువ్వెళ్లు, నేను చూసుకుంటానన్నాడు. కుర్రాడు సంతోషంగా తన గదికి వెళ్లి, నిద్రపోతున్న భార్యను లేపాడు. అయిదారు నిమిషాల్లో నౌకరు తలుపు తట్టాడు. తండ్రి పోయాడు.

ఈ సంగతి లోకానికి చెప్పమని ఆయన్ని ఎవరడిగారు? చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కోరికల అదుపు గురించి ఆయన చెప్పే నీతితో నాకు పేచీ ఉంది. పెళ్లాం దగ్గరికి వెళ్లిన పదహారేళ్ల పిల్లవాడిది అంత పెద్ద పాపమని నేననుకోను. అయినా తన గుండెలో ముల్లును తీసి తెలియనివాళ్ల చేతిలో పెట్టడం కంటే పెద్ద నమ్మకం ఇంకేముంది? ఆయన నీతిని కాదనగలిగే సరుకును కూడా ఆయనే మనకిచ్చారు.

‘కన్యాశుల్కం’ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. దురాచారాలను ఎండగట్టడాన్ని మించిన పని సాహిత్యానికి లేదని 1897 నాటి ఇంగ్లిష్ పీఠికలో గురజాడ రాశాడు. అంటే ఆయన కూర్చున్నది ఒక పని సాధించడానికే. కానీ నాటకంలోకి వెళ్లాక గిరీశం నోరు తెరిచాడంటే ఆ పీఠిక గుర్తుంటుందా? వాడు మోసగాడని మనకు మొదటి రంగం నుంచే తెలుసు. వెంకటేశాన్ని బుట్టలో వేస్తాడు, బుచ్చమ్మను బుట్టలో వేస్తాడు, ఆ మాటల ధాటికి మనమూ పడిపోతాం. పడిపోయామని తెలిసి ఉలిక్కిపడతాం. సంస్కరణ భాషను దొంగ కూడా మాట్లాడగలడని ఒక సంస్కర్తే చూపించడం చిన్న విషయం కాదు. 1909లో గురజాడ దాన్ని తిరగరాసినప్పుడు నాటకం బాగా పెరిగింది, మధురవాణి పాత్ర పెరిగింది. రెండో కూర్పులో ఎవరిని మెచ్చుకోవాలో తేల్చుకోవడం మరింత కష్టం. కన్యాశుల్కం అనే ఆచారమే పోయాక కూడా నాటకం మిగలడానికి కారణం ఆ కష్టమేనని నా నమ్మకం.

పన్నెండేళ్లు పట్టిన తిరగరాత అది. విశ్వనాథ ‘వేయిపడగలు’ 29 రోజుల్లో ఆశువుగా చెప్తుంటే తమ్ముడు రాశాడు. అచ్చులో దాదాపు వెయ్యి పేజీలు. నేను అది పూర్తి చేయడానికి ఆయనకు పట్టిన రోజులకంటే ఎక్కువే పట్టింది, మధ్యలో రెండుసార్లు పక్కన పెట్టాను. కథానాయకుడు ధర్మారావు చదువుల గురించీ ఆచారాల గురించీ మాట్లాడేచోట ఎదురు మాట్లాడాలనిపిస్తుంది. కానీ ఎదుటివాడి మాట కోసం ఆగే పుస్తకం కాదది. అదే పుస్తకంలో పసిరిక వస్తాడు. పైరూ పామూ పిల్లవాడూ కలిసి ఒక్క ప్రాణం అయినట్టున్న ఆ రూపం ముందు నా వాదనలేవీ గుర్తుండవు. పోతున్న లోకం గురించి ధర్మారావు చేత పేజీలకు పేజీలు చెప్పించిన రచయితే, దాన్ని పసిరికలో చూపించి ఊరుకున్నాడు. ఆ చూపించినచోటే నాకు దుఃఖం తెలిసింది. ఆయన అభిప్రాయాల్లో సగం కాదంటాను, అయినా ఈ నవల చదవొద్దని ఎవరికీ చెప్పను.

డిటెక్టివ్ నవలలకు ఈ కొలత పెట్టొచ్చా? అగాథా క్రిస్టీ 1926లో రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’కి పెట్టొచ్చు. హంతకుడెవరో ఇక్కడ చెప్పను. అది తెలిశాక వెనక్కి వెళ్లి చూస్తే ఆధారాలన్నీ మన కళ్లముందే ఉన్నాయి. పాఠకుణ్ణి మోసం చేసిందని అప్పట్లో కొందరు తిట్టారు. నాకైతే చదివేవాడి తెలివిని గౌరవించి ఆడిన ఆట అనిపించింది.

‘మహాప్రస్థానం’ ముందు చలం రాసిన ‘యోగ్యతాపత్రం’ ఉంది కదా, కవిత్వాన్ని తూచే రాళ్లు తన దగ్గర లేవంటాడు అందులో. నా దగ్గర ఉన్నదీ తూకపురాయి కాదు, పైన అడిగిన ఒక్క ప్రశ్న. దానికి ఎక్కువ బలం ఇచ్చిన పుస్తకం మాత్రం, నాజీలకు దొరక్కుండా దాక్కున్న యూదు పిల్ల ఆన్ ఫ్రాంక్ డైరీ.

దాన్ని ఒక అమాయకపు పిల్ల రహస్యంగా రాసుకున్న కాగితాలుగా చెప్పుకుంటారు. అలా చెప్పడం ఆమెను తగ్గించడమే. యుద్ధకాలపు డైరీలనూ ఉత్తరాలనూ దాచమని 1944 మార్చిలో ప్రవాస డచ్ ప్రభుత్వ మంత్రి రేడియోలో చెప్పాడు. అది విని ఆ పిల్ల తన డైరీని అచ్చుకోసం మళ్లీ రాయడం మొదలుపెట్టింది. వాక్యాలు మార్చింది, కొన్ని తీసేసింది, కొన్ని కలిపింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. పదిహేనో పుట్టినరోజు దాటాక కూడా రాసింది. ఒక భవనం వెనక భాగంలో దాక్కుని, ఎప్పటికైనా తనను ఎవరో చదువుతారని నమ్మి, రచయిత చేయాల్సిన పనంతా చేసింది.

1947లో అది మొదటిసారి అచ్చయినప్పుడు తండ్రి ఒట్టో కొన్ని భాగాలు తీసేశాడు. తల్లి మీద కూతురి కోపం, తన శరీరం గురించి ఆ పిల్ల రాసుకున్న మాటలు ఆ తీసేసినవాటిలో ఉన్నాయి. అందరినీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలిన తండ్రి ఆ పని ఎందుకు చేశాడో నాకు అర్థమవుతుంది. తప్పు పట్టే హక్కు నాకు లేదు. కానీ తర్వాతి కూర్పుల్లో ఆ భాగాలు తిరిగి వచ్చాక చదివితే, అమ్మతో పోట్లాడే, తనను తాను విసుక్కునే, గర్వపడే మనిషి కనిపిస్తుంది. తండ్రి మనల్ని నమ్మలేకపోయినచోట కూతురు నమ్మింది.

చివరి పుట 1944 ఆగస్టు 1న రాసింది. అరెస్టు 4న. మధ్యలో ఏమీ లేదు. ఆ పుటలో ఆమె తనలోని ఇద్దరు ఆన్‌ల గురించి, పైకి కనిపించే అల్లరి పిల్ల గురించీ లోపలి పిల్ల గురించీ, డైరీలో తను ఉత్తరాలు రాసుకునే ఊహా స్నేహితురాలు కిట్టీకి చెప్పుకుంటోంది. దాని తర్వాత ప్రచురణకర్తలు ఆమె బెర్గెన్-బెల్సెన్ నాజీ నిర్బంధ శిబిరంలో ఎలా చనిపోయిందో వివరించే పేజీలు చేర్చారు. మొదటిసారి ఆ పేజీలు చదివాను. ఈసారి చదవలేదు. ఆగస్టు 1 దగ్గరే, ఆమె మాట ఆగినచోటే పుస్తకం మూసి పెట్టాను.