కటి ఎముక అతికింది, మూత్రమార్గం మాటేమిటి?

రోడ్డు ప్రమాదాల వార్తలు ‘ప్రాణాపాయం తప్పింది’ అన్న మాట దగ్గర ఆగిపోతాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. మొదటి అంకె మీద కాస్తో కూస్తో చర్చ జరుగుతుంది. రెండో అంకెలో ఉన్నవాళ్లు ఇంటికెళ్లాక ఎలా బతుకుతున్నారో అడిగే నాథుడు లేడు. వాళ్లలో ఓ చిన్న గుంపు గురించే ఈ వ్యాసం. బైకు మీద నుంచి పడి, లారీ చక్రం కిందో తిరగబడిన ట్రాక్టర్ కిందో నలిగి నడుము కింది కటి (పెల్విస్) ఎముకలు విరిగిన మగవాళ్లలో నూటికి సుమారు ఐదు నుంచి పది మందికి మూత్రమార్గం కూడా దెబ్బతింటుంది. చాలామంది పడుచువాళ్లే. కొందరికి పెళ్లి కుదిరి ఉంటుంది, కొందరికి పసిపిల్లలుంటారు.

దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలిస్తే సమస్య తీవ్రత అర్థమవుతుంది. మగవాళ్లలో మూత్రాశయం నుంచి కిందికి దిగే మార్గం ప్రొస్టేట్ గ్రంథిలోంచి వచ్చి, కటి అడుగున ఉన్న కండరాల పొరను దాటి, అంగంలోకి వెళుతుంది. ప్రొస్టేట్ ముందువైపు ఎముకకు బంధనాలతో అతుక్కుని ఉంటుంది. ఎముకలు విరిగి పక్కకు జరిగితే గ్రంథి కూడా వాటి వెంట జరుగుతుంది. దిగువ భాగం మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. మధ్యలోని సన్నని గొట్టం తెగుతుంది. తెగిన రెండు కొనల మధ్య మొదట రక్తం గడ్డకడుతుంది, తర్వాత గట్టి మచ్చ కణజాలం పేరుకుంటుంది. మూత్రాన్ని ఆపి ఉంచే కండరం ఉండేది అక్కడే. అంగస్తంభనకు కావలసిన నరాలు, రక్తనాళాలు వెళ్లేది ఆ పక్క నుంచే. మూత్రం పోవడం, మూత్రం ఆగడం, దాంపత్య సుఖం ఈ మూడూ ఒకే ఇరుకు చోటును ఆనుకుని ఉన్నాయి. మన వైద్య వ్యవస్థ మాత్రం మూత్రం పోతోందా లేదా అన్న ఒక్కదాన్నే ఫలితంగా లెక్కవేసుకుని, మిగతా రెండింటినీ రోగి తలరాతకు వదిలేస్తోంది. నా అభ్యంతరం దీని మీదే.

మొదటి గంటల్లో చేయాల్సినదానిపై వైద్యుల్లో పెద్దగా భేదాభిప్రాయం లేదు. అంగం కొన దగ్గర రక్తపు చుక్క కనిపించినా, పొత్తికడుపు ఉబ్బి మూత్రం రాకపోయినా మూత్రమార్గం తెగిందేమోనని అనుమానించాలి. కింది నుంచి ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే విషయం తేలిపోతుంది. అది చేయకుండా మూత్రం తీసే గొట్టమైన క్యాథెటర్‌ను బలవంతంగా నెట్టితే సగం తెగిన మార్గం పూర్తిగా తెగవచ్చు. మార్గం తెగిందని తేలితే పొత్తికడుపు మీద చిన్న గాటు పెట్టి నేరుగా మూత్రాశయంలోకి పైపు వేయడం సురక్షితమైన పద్ధతి. పరిస్థితి నిలకడగా ఉన్నవాళ్లకు లోపలికి చూపే సన్నని గొట్టం (ఎండోస్కోప్) సాయంతో రెండు కొనల మీదుగా క్యాథెటర్ వేసి వరసలో నిలబెట్టే పద్ధతి కూడా ఉంది. కొందరికి దానితో పెద్ద ఆపరేషన్ తప్పుతుంది. చాలామందికి తర్వాత ఎలాగూ మార్గం పూడుకుపోతుంది. దాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. గాయమైన తొలి రోజుల గందరగోళంలోనే కోసి కుట్టేయాలని చూస్తే మాత్రం అంగస్తంభన, మూత్రంపై పట్టు దెబ్బతినే ముప్పు పెరుగుతుందని పాత అనుభవాలు నేర్పాయి. అందుకే ఇప్పుడు ఆగుతున్నారు. వాపు, రక్తపు గడ్డ తగ్గి, పైకి లేచిన ప్రొస్టేట్ మళ్లీ కిందికి దిగేదాకా సాధారణంగా మూడు నెలలు.

వైద్యపరంగా ఆ మూడు నెలలు ఎదురుచూపు. రోగికి మాత్రం అదొక జీవితం. పొత్తికడుపు మీద పైపు, లుంగీ చాటున యూరిన్ బ్యాగ్. నెలకో నెలన్నరకో పైపు మార్చాలి. ఆలస్యమైతే మూసుకుపోతుంది, పక్కల నుంచి కారుతుంది, మూత్రాశయంలో రాళ్లు పడతాయి, చలీ జ్వరం వస్తుంది. మార్చడానికి మండల కేంద్రంలో ఎవరికీ చేతకాకపోతే జిల్లా కేంద్రానికి బస్సెక్కాలి. విరిగిన ఎముకతో బస్సు మెట్లెక్కడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. వాసన వస్తుందేమోనని పెళ్లిళ్లకు వెళ్లరు, పక్కవాళ్ల పక్కన కూర్చోరు. సంపాదించేవాడు మంచాన పడితే కూలి డబ్బు ఆగుతుంది, వడ్డీ ఆగదు. ఆపరేషన్ థియేటర్ తేదీ దొరక్క, ఎముకల డాక్టరుకూ యూరాలజిస్టుకూ మధ్య తిరుగుతూ ఈ మూడు నెలలు ఏడాది కావడం మన దగ్గర అరుదేమీ కాదు. అలా పెరిగిన ప్రతి నెలకూ వైద్య కారణం ఉండదు. ఉన్నదల్లా పట్టించుకోకపోవడం.

ఇక అసలు ఆపరేషన్ సంగతి. యురెత్రోప్లాస్టీ అంటారు. యూరాలజీలో ఇంత ఓర్పు అడిగే పని తక్కువ. ముందు పొత్తికడుపు పైపు నుంచి, కింది నుంచి ఏకకాలంలో మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి రెండు కొనల మధ్య ఎంత ఎడం ఉందో చూస్తారు. తర్వాత వృషణాలకూ మలద్వారానికీ మధ్య కోత పెట్టి, మచ్చ కణజాలాన్ని ఆసాంతం తొలగించి, ఆరోగ్యంగా ఉన్న రెండు కొనలను లాగుడు లేకుండా కలిపి కుడతారు. ఆ ‘లాగుడు లేకుండా’ అన్నదాంట్లోనే విద్యంతా ఉంది. కొనలు అందకపోతే దిగువ మూత్రమార్గాన్ని చుట్టూ విడదీసి వదులు చేస్తారు. అదీ చాలకపోతే అంగం మూలంలో అంగస్తంభనకు తోడ్పడే రెండు కణజాల స్తంభాలను మధ్యకు చీలుస్తారు. ఇంకా చాలకపోతే జఘనాస్థి (కటి ముందువైపు ఎముక) అడుగు నుంచి చిన్న ముక్క చెక్కేస్తారు. చివరి మెట్టుగా మార్గాన్నే ఒక స్తంభం పక్క నుంచి మళ్లిస్తారు. ఊరు చుట్టి వెళ్లే తారు రోడ్డు వదిలి పొలం గట్టున అడ్డంగా నడిచినట్టు, వంపును తిన్నగా చేసి దూరం తగ్గించడమే ఈ మెట్ల పరమార్థం. లండన్‌లో రిచర్డ్ టర్నర్-వార్విక్ వేసిన పునాది మీద ఆయన శిష్యుడు జార్జ్ వెబ్‌స్టర్ అమెరికాలో ఈ క్రమాన్ని తీర్చిదిద్ది 1991లో ప్రచురించాడు. ఈజిప్టులో మామ్‌దూహ్ కొరైతిం, మన పుణెలో సంజయ్ కులకర్ణి దీని మీద విస్తారంగా పనిచేశారు. ఇలాంటి గాయాలు ధనిక దేశాలకంటే ఇక్కడే ఎక్కువ కాబట్టి, వీటిని సరిచేసే అనుభవం కూడా ఇక్కడే పోగైంది. ఇతర దేశాల సర్జన్లు నేర్చుకోవడానికి పుణె వస్తారు. విమానమెక్కి వచ్చి నేర్చుకునే విద్య మన జిల్లాలో గాయపడినవాడికి అందకపోతే ఆ పేరు ప్రతిష్ఠలు అతనికి ఏం ఒరగబెడతాయి?

చేయి తిరిగిన చోట తొలి ఆపరేషన్‌తోనే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి మార్గం తెరుచుకుంటుంది. తొలిసారి విఫలమైతే రెండోసారి కష్టం రెట్టింపవుతుంది. మచ్చ పెరుగుతుంది, కుట్టడానికి మిగిలే మంచి కణజాలం తగ్గుతుంది, దిగువ మార్గానికి రక్తప్రసరణ దెబ్బతిని అది చచ్చుపడే ప్రమాదం కూడా ఉంటుంది. కాబట్టి తొలి ఆపరేషన్ ఎక్కడ, ఎవరి చేతిలో జరగాలన్నదే ఇక్కడ అన్నిటికంటే పెద్ద నిర్ణయం. ఆ నిర్ణయం మన దగ్గర ఎవరూ తీసుకోరు, దానంతటదే జరిగిపోతుంది. దగ్గర్లో దూరబీన్ (ఎండోస్కోప్) ఉన్న ఆసుపత్రికి వెళతారు. లోపలి నుంచి మచ్చను కోసి పైపు వేస్తారు. నాలుగు వారాలు ధార బాగుంటుంది, తర్వాత సన్నబడుతుంది. మళ్లీ కోత, మళ్లీ పైపు. పూర్తిగా పూడుకుపోయిన మార్గంలో ఇలా గుడ్డిగా కోస్తే దారి తప్పి మూత్రాశయానికో మలాశయానికో గాయం కావచ్చు. కటి గాయంతో మార్గం పూడుకున్నవాళ్లకు ఆలస్యంగా చేసే ఎండోస్కోపీ కోతలకు బదులు యురెత్రోప్లాస్టీయే చేయాలని అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ 2016 నాటి మార్గదర్శకాల్లోనే స్పష్టంగా చెప్పింది. అయినా కోతలు ఆగలేదు. కారణం దుర్బుద్ధి అని నేననను. కోత అరగంట పని, యురెత్రోప్లాస్టీకి గంటలు పడుతుంది, ఆ గంటలు వెచ్చించడం నేర్పే చోట్లు తక్కువ.

ఇప్పుడు ఎవరూ ఎత్తని విషయానికి వద్దాం. ఈ గాయమైనవాళ్లలో సుమారు మూడో వంతు మందికి అంగస్తంభన దెబ్బతింటుందని అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. ఆపరేషన్ దానికి కలిపేది చాలా స్వల్పం. అంటే నష్టం చేసింది ప్రధానంగా ప్రమాదమే, సర్జన్ కత్తి కాదు. ఇది రోగికి ముందే తెలియాలి. ఆపరేషన్‌కు ముందు ఎవరూ అడగరు, చెప్పరు. ఆరు నెలల తర్వాత భార్యాభర్తలు ఒక గదిలోకి వచ్చినప్పుడు బయటపడుతుంది. ‘ఆపరేషన్‌లో ఏదో కోసేశారు’ అన్న అనుమానం మొదలవుతుంది. కొందరు మళ్లీ డాక్టరు గడప తొక్కరు. కొందరు పట్టణం గోడల మీద రాతలు చూసి నాటు మందులకు వేలకు వేలు పోస్తారు. నిజానికి కొందరిలో రెండేళ్ల దాకా నెమ్మదిగా కోలుకునే అవకాశం ఉంటుంది. డాప్లర్ పరీక్షతో రక్తప్రసరణ ఎలా ఉందో చూడవచ్చు. మాత్రలు కొంతమందికి పనిచేస్తాయి, ఇంజెక్షన్లు ఉన్నాయి, వాక్యూమ్ పరికరాలు ఉన్నాయి, ఏదీ పనిచేయకపోతే అంగంలో అమర్చే ఇంప్లాంట్ ఉంది. దారులున్నాయని చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు రద్దీ ఓపీలో పదిమంది చూస్తుండగా దొరకవు, దొరికినా కుర్రవాడి నోరు పెగలదు. పక్కన తండ్రి నిలబడి ఉంటాడు. తలుపు మూసి, తండ్రిని బయట కూర్చోమని, ముందుగా డాక్టరే నోరు విప్పి అడగాలి. భార్య ఉంటే ఆమెతోనూ మాట్లాడాలి, ఎందుకంటే నష్టంలో సగం ఆమెది.

ఫలితాలను కొలిచే పద్ధతిలోనూ ఇదే మౌనం కనిపిస్తుంది. ధార వేగం చూపే యంత్రం మీద గీత పైకి లేస్తే, ఎక్స్‌రేలో మార్గం వెడల్పుగా కనిపిస్తే ‘విజయం’ అని రాసుకుంటారు. రోగి మాటనే కొలమానంగా తీసుకోవాలని బ్రిటన్ సర్జన్లు 2011లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. మూత్రం ఇబ్బందులు, రోజువారీ జీవితం, ఆపరేషన్‌తో సంతృప్తి అందులో ఉన్నాయి. అది మెచ్చుకోదగ్గ ప్రయత్నం. అయితే ఆ తొలి ప్రశ్నావళిలో లైంగిక జీవితం గురించి ప్రశ్నలే లేవు. పైగా అది అంగం వైపు ఉండే ముందు భాగపు ఇరుకుల కోసం తయారైంది. కటి గాయమైన మనిషి కష్టం దానికంటే వెడల్పయినది. కుంటుతున్నాడా, కింద కూర్చోగలుగుతున్నాడా, తిరిగి పనికి వెళ్లాడా, దగ్గినప్పుడు మూత్రం జారుతోందా, రాత్రి నిద్ర పడుతోందా, చావాలనిపిస్తోందా అని కూడా అడగాలి. అదీ తెలుగులో, మన ఊరి మాటల్లో అడగాలి. చదువురాని వాళ్లకు నర్సు చదివి వినిపించాలి.

ఆడవాళ్ల గురించి చెప్పుకోకపోతే అన్యాయం. వాళ్లలో మూత్రమార్గం పొట్టిది కాబట్టి ఈ గాయం అరుదు. అరుదు కాబట్టే ఎవరికీ తోచదు. ఎముక విరిగిన బాలికకు యోని దగ్గర రక్తం కనిపిస్తే మత్తిచ్చి లోపల చూడాలి. చూడకపోతే మూత్రమార్గానికీ యోనికీ మధ్య రంధ్రం పడి, ఏళ్ల తరబడి మూత్రం కారుతూనే ఉంటుంది. మగపిల్లల్లో ప్రొస్టేట్ ఇంకా ఎదగదు గనుక గాయం మూత్రాశయం మెడ దాకా పోవచ్చు. ఆ మెడ దెబ్బతింటే మార్గం ఎంత చక్కగా కుట్టినా మూత్రం ఆగదు. బడికి వెళ్లే వయసులో తడిసిన నిక్కరు ఆ పిల్లవాడిని తరగతి గది నుంచి తరిమేస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి కావలసిన సరంజామా చాలావరకు ఉంది. 2005 నుంచి 108 వాహనాలు నడుస్తున్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ జాబితాలో మూత్రమార్గం ఆపరేషన్లు ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్‌లలో యూరాలజీ విభాగాలున్నాయి. లేనిది వీటిని కలిపే తాడు. కటి గాయంతో మూత్రమార్గం తెగిన ప్రతి రోగినీ తొలి నెలలోనే నమోదు చేసి, రెండు రాష్ట్రాల్లో ఎంపిక చేసిన నాలుగైదు కేంద్రాలకు తేదీతో సహా పంపాలి. ఏడాదికి ఒకటో రెండో చేసే చోట ఈ ఆపరేషన్ చేయకూడదు. ప్యాకేజీ సొమ్ము ఆపరేషన్ రోజుకే పరిమితం కాకూడదు. మధ్యలో పైపు మార్చే ఖర్చు, వెళ్లిరావడానికి బస్సు చార్జీ, ఏడాది తర్వాతి పరీక్ష, లైంగిక ఆరోగ్య సలహా అందులో చేరాలి. పైపు మార్చడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సుకు నేర్పడం కష్టమేమీ కాదు. తిరిగి మార్గం ఇరుకైతే అది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది కాబట్టి, ఆ ఏడాది రోగి వెంట ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని ఉండాలి. అధికారులు ఖర్చు ఎక్కువంటారు. నాలుగుసార్లు వృథా కోతలకు ప్రభుత్వం కట్టే సొమ్ముతో పోల్చి చూడమనండి.

వ్యవస్థ మారేదాకా కుటుంబాలు ఆగలేవు. అందుకే ఇంట్లో ఎవరికైనా ఈ కష్టం వచ్చి ఉంటే, ఆపరేషన్ సంతకానికి ముందు సర్జన్‌ను నేరుగా అడగండి: ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? పైనుంచీ కిందినుంచీ రెండు వైపులా ఎక్స్‌రే తీశారా? పూర్తిగా పూడుకుపోయిందా, ఇరుకైందా? పూడుకుపోతే లోపలి నుంచి కోయడం ఎందుకు? అంగస్తంభన ఇప్పుడెలా ఉందో కేస్ షీట్‌లో రాశారా? మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు చిరాకుపడడు. చిరాకుపడితే ఎక్స్‌రేలు తీసుకుని ఇంకోచోటికి వెళ్లండి, పొత్తికడుపు పైపు ఉన్నంతకాలం కిడ్నీలకు తక్షణ ప్రమాదం లేదు కాబట్టి రెండో అభిప్రాయానికి వ్యవధి ఉంటుంది.