సింకు కింద స్థితిస్థాపకత

వంటింటి సింకు కింద, ఎవరూ తొంగి చూడని చీకట్లో, గోడలోని యాంగిల్ కాక్‌ను, అంటే నీళ్లు కట్టేసే చిన్న వాల్వును, కుళాయితో కలిపే పైపు ఒకటి ఉంటుంది. లోపల రబ్బరు గొట్టం, పైన సన్నని స్టీలు తీగల అల్లిక. ప్లంబర్లు దాన్ని కనెక్షన్ పైపు అంటారు. కొట్టులో అమ్మే మనిషి మాత్రం "ఎటు కావాలంటే అటు వంగుతుంది సార్" అంటూ రెండు చేతులతో వంచి చూపించి మరీ అమ్ముతాడు. వంగే మాట నిజమే. అయితే బిల్డరు మనిషి దాన్ని నట్టు దగ్గరే కోడి మెడ విరిచినట్టు విరిచి బిగిస్తే, దానికి తోడు బాత్రూములు కడిగే యాసిడ్ సీసా ఆవిర్లు అదే అరలో ఏళ్ల తరబడి తగిలితే, ఏదో ఒక ఆదివారం పొద్దున అది నోరు తెరుస్తుంది.

మా ఇంట్లో తెరిచింది.

మాది అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. మేడ మీది ట్యాంకు మాకు సుమారు పది మీటర్ల ఎత్తున ఉంది. పది మీటర్ల నీళ్లంటే దాదాపు ఒక వాతావరణ పీడనమట. ఈ లెక్క నాకు చెప్పినవారు పై ఇంట్లో ఉండే ఫిజిక్సు మాస్టారు. మా ఆవిడ కేక విని పరుగెత్తుకొచ్చి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుంటూ చెప్పారు. అప్పటికి నీటి ధార ఎదుటి గోడ మీది క్యాలెండరులో ఉన్న వేంకటేశ్వరస్వామికి అభిషేకం చేస్తోంది.

"ముందు ఆ కాక్ కట్టండి" అంది మా ఆవిడ. కట్టాను. పిడి హాయిగా తిరిగింది. మళ్లీ తిప్పితే మళ్లీ తిరిగింది. ఎటు తిప్పినా తిరుగుతోందే తప్ప నీళ్లు ఆగడం లేదు. ప్లంబరుకు ఫోను చేస్తే "అరగంటలో మీ ముందు ఉంటాను సార్" అన్నాడు. ఈ ప్రపంచంలో ఎంత లాగినా తెగకుండా సాగే వస్తువేదైనా ఉంటే అది ప్లంబరు అరగంటే.

నేను తువ్వాలుతో పైపు నోరు నొక్కి పట్టుకుని కూర్చున్నాను. మాస్టారు నా పక్కనే వంగి, "చెప్పండి, స్టీలుకు, రబ్బరుకు దేనికి స్థితిస్థాపకత ఎక్కువ?" అని అడిగారు. ఇంటర్మీడియట్‌లో నన్ను ముంచిన ప్రశ్న అది. "రబ్బరుకు" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. రిటైరైన మాస్టారికి తప్పు జవాబు దొరకడం ఎంత అరుదు!

"సాగడం గొప్ప కాదండీ. వేసిన బరువును ఎంత గట్టిగా ఎదిరించి, వదిలాక మళ్లీ మొదటి ఆకారానికి ఎంత కచ్చితంగా వస్తుందన్నదే స్థితిస్థాపకత. సాగదీస్తే ఎంత ఎదిరిస్తుందో చెప్పే లెక్క యంగ్ గుణకం. స్టీలుకు అది చదరపు మీటరుకు దాదాపు 20 వేల కోట్ల న్యూటన్లు. రబ్బరు దాని దరిదాపుల్లో కూడా ఉండదు" అన్నారు. అంత మొండి స్టీలు పైపు మీద ఎలా వంగుతోందని అడిగాను. నిజానికి అడగకూడదు. తీగ మందం సగం చేస్తే అది వంగడానికి చూపే ప్రతిఘటన పదహారో వంతుకు పడిపోతుందని, అందుకే వెంట్రుకల్లాంటి తీగలతో అల్లారని చెప్పి, అక్కడి నుంచి నేరుగా, ఎంత లాగితే అంత సాగుతుందన్న సూత్రం చెప్పిన శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ దగ్గరికి వెళ్లిపోయారు. ఆ మహానుభావుడు 1676లో తన సూత్రాన్ని ఎవరైనా కాజేస్తారేమోనని, దాని లాటిన్ అక్షరాలన్నీ విడదీసి అకారాది క్రమంలో పేర్చి అచ్చు వేశాడట. అర్థం చెప్పింది 1678లో. ఆ రెండేళ్లూ శాస్త్రలోకం ఎదురుచూసింది కదా, మీరు కాసేపు చూడలేరా అన్న ధోరణిలో నన్ను చూశారు. నీళ్లు హాల్లోకి వెళ్లాయి.

హాల్లోంచి నాలుగో అంతస్తు కుర్రవాడు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మానవ వనరుల విభాగం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చంకలో లాప్‌టాప్. "నా పని వేళలు ఫ్లెక్సిబుల్ అంకుల్, ఎంతసేపైనా ఉండి సాయం చేస్తాను" అన్నాడు. ఆఫీసుకు ఎప్పుడైనా రావచ్చట. ఎప్పుడు ఇంటికి వెళ్లవచ్చో మాత్రం నియామక పత్రంలో ఎక్కడా రాయలేదట. ఒక చేత్తో బకెట్టు పట్టుకుని, ఎవరికో "మన సంస్థలో ఉద్యోగులే సర్దుకుపోవడం నేర్చుకోవాలి" అని చెబుతూనే, ఆ బకెట్టును నిండుగా తీసుకెళ్లి బాల్కనీలోంచి కింద గుమ్మరించాడు. కింద ఎవరో అరిచారు. సర్దుకుపోవడం వాళ్లు ఇంకా నేర్చుకోలేదు.

నాకొకటి అర్థమైంది. వంగే గుణాన్ని మెచ్చుకునేవాళ్లు ఏ రంగంలో ఉన్నా, వాళ్ల మనసులో వంగేది ఎప్పుడూ ఎదుటివాడే. దీనికి ఆ ఉదయం నాకు కనిపించిన ఏకైక మినహాయింపు అయిదో అంతస్తు యోగా టీచరు. ఐక్యరాజ్యసమితి పుణ్యమా అని 2015 నుంచి ఏటా జూన్ 21న కాలనీ పార్కులో అందరి నడుములూ ఆమె చేతిలో ఉంటాయి. "మీరు నడుముతో వంగుతున్నారు, అందుకే పట్టేస్తోంది. తుంటి కీళ్ల దగ్గర నుంచి వంగాలి" అని నన్ను పక్కకు జరిపి, ఊపిరి వదులుతూ భుజాల దాకా సింకు కింది అరలో దూరిపోయారు. చూడముచ్చటగా ఉంది. లోపల ఏదో కిర్రుమంది. అందరం ఊపిరి బిగబట్టాం. ధార ఆగలేదు కానీ, గోడ మీది వాటర్ ప్యూరిఫయర్‌లో ఎర్ర దీపం వెలిగింది. ఆమె కట్టింది దాని కాక్.

"వదినా, బయటికి రండి" అంది మా ఆవిడ.

"లాగకండి, ఇంకా ఊపిరి వదులుతున్నాను" అని లోపలి నుంచి జవాబు వచ్చింది.

ఇక మిగిలింది మేడ మీద మా ఫ్లాటు వాల్వు. మేడ తలుపుకు తాళం. తాళంచెవి అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిగారి దగ్గర. ఆయన తాళంచెవి వేలికి తగిలించుకునే వచ్చారు, కానీ ఇవ్వలేదు. సంఘం నియమావళి ప్రకారం లిఖితపూర్వక దరఖాస్తు కావాలి, దాని మీద ఇద్దరు కార్యవర్గ సభ్యుల సంతకాలు ఉండాలి. గతంలో ఎవరో మేడ మీద వడియాలు ఎండబెట్టి గొడవైందట. "నేను వ్యక్తిగతంగా మీ పక్షమే సార్. నియమం ఒప్పుకోదు" అన్నారు, ఒక కాలు నీళ్లలోంచి ఎత్తి కుర్చీ మీద పెట్టుకుంటూ. నియమం మార్చండి అన్నాను. దానికి సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలట.

మా ఎదుటి ఫ్లాటులో గ్రూప్-2కు చదువుతున్న అబ్బాయి అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఈ మాటతో లోపలికి వచ్చేశాడు. "సార్, భారత రాజ్యాంగం దృఢ, అదృఢ లక్షణాల మేళవింపు. 1951 నుంచి 2023 దాకా 106 సవరణలు జరిగాయి. మూడో అధికరణం కింద కొత్త రాష్ట్రం ఏర్పాటు చేయడానికి పార్లమెంటులో సాధారణ మెజారిటీ చాలు. 2014లో తెలంగాణ అలాగే వచ్చింది. మన మేడ తాళానికి మూడింట రెండు వంతులు కావాలా?" అన్నాడు. కార్యదర్శిగారు కాసేపు ఆలోచించి, "పార్లమెంటు మీద ఎవరూ వడియాలు పెట్టలేదు బాబూ" అన్నారు. దానికి సిలబస్‌లో జవాబు లేదు.

వాదన రాజ్యాంగ సవరణల పద్ధతి చెప్పే 368వ అధికరణం దాకా వచ్చేసరికి ధార సన్నబడింది. తర్వాత చుక్కలు. తర్వాత అదీ లేదు. టీచరు అరలోంచి తల బయటపెట్టి "ప్రాణాయామం" అన్నారు. మాస్టారు పీడనభేదం అన్నారు. తన మాటకు నియమం దానంతట అదే కట్టుబడినట్టు కార్యదర్శిగారు తల పంకించారు. నాలుగో అంతస్తులో, అయిదో అంతస్తులో తలకు షాంపూ పెట్టుకున్నవాళ్లు తలుపులు తీసి అరిచాక అసలు సంగతి తెలిసింది: ట్యాంకు ఖాళీ అయిపోయింది.

ప్లంబరు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాడు. పైపు ధర, ఆదివారం ధర, నీళ్లలో నిలబడి చేసినందుకు ధర విడివిడిగా చెప్పాడు. బేరం ఆడబోతే, పొద్దుటి నుంచి సోఫా మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న మా అబ్బాయి తల ఎత్తాడు. వాడు ఇంటర్‌లో కామర్స్. "నాన్నా, ఇది అవ్యాకోచ డిమాండ్. ఉప్పు ధర పెరిగినా కొనడం తగ్గించం కదా, అలాగన్నమాట. ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే రాశాడు" అన్నాడు. ప్లంబరు వాడిని మెచ్చుకోలుగా చూసి, "బాబు బాగా చదువుతున్నాడు సార్" అని, ధరను వంద పెంచాడు.

కొత్త పైపును కూడా నట్టు దగ్గరే మడిచి బిగించబోతుంటే మాస్టారు అడ్డుపడ్డారు. వంపు వెడల్పుగా ఉండాలని, లేకపోతే అల్లిక తీగలన్నీ ఒకే చోట అలసిపోయి తెగుతాయని చెప్పారు. ప్లంబరు విన్నాడు. "మాస్టారూ, అంత వెడల్పుగా వంచాలంటే గోడ పగలగొట్టాలి. పగలగొట్టమంటారా?" అన్నాడు. దాని ధర కూడా చెప్పాడు. మాస్టారు హుక్ సంగతి ఎత్తకుండానే మెట్లెక్కి ఇంటికి వెళ్లిపోయారు.

సాయంత్రం మేడ తాళంచెవి కోసం దరఖాస్తు రాసి పట్టుకెళ్లాను, ఈసారికి ముందుజాగ్రత్తగా. ఒక సంతకం కార్యదర్శిగారే పెట్టారు. రెండోది పెట్టాల్సిన కార్యవర్గ సభ్యుడు సరిగ్గా మా కింది ఫ్లాటు ఆయన. తలుపు తీసేసరికి ఆయన జుట్టు నిండా తెల్లటి పొడి ఉంది. వెనకాల, డైనింగ్ టేబులు మీద, ఆయన కొత్త ఫాల్స్ సీలింగు సగం పడి ఉంది. దరఖాస్తును రెండుసార్లు చదివి, పెన్ను మూత తీసి, "ముందు మీరు ఇక్కడ పెట్టండి సంతకం" అంటూ తన దగ్గరి కాగితం చాపారు. అందులో సీలింగు ఖర్చు మొత్తం వేసి ఉంది, ప్లంబరుతో కనుక్కున్నారట, గోడ పగలగొట్టడంతో సహా.