అగ్నిపర్వతం గేట్లు ఎత్తలేదు

ప్రజా ప్రయోజనం కోసం ఈ ఫిర్యాదు రాస్తున్నాను. మొన్న ఎండాకాలం సెలవుల్లో నల్లగొండ నుంచి బాలి దీవికి పోయి, బాతూర్ అనే అగ్నిపర్వతం ఎక్కి, అక్కడ అగ్ని కనిపించక నష్టపోయిన బాధితుల్లో నేనొకణ్ణి. మనిషికి డెబ్బై వేలు. మా బామ్మర్దిదైతే ఈఎంఐ ఇంకా నడుస్తోంది.

రాత్రి రెండింటికే హోటల్ ముందు వ్యాను ఆపి లేపారు. ఆ వేళకు మా దగ్గర జనం గుట్ట ఎక్కేది చెర్వుగట్టు జాతరకే. అక్కడ అగ్నిగుండం అంటే నిప్పులు ఉంటాయి. తెల్లవారకముందే ఉంటాయి, పైగా టికెట్ లేదు. ఆ లెక్కన పేరులోనే అగ్ని పెట్టుకున్న 1717 మీటర్ల కొండ ఎంతో కొంత చూపించకపోతుందా అని టార్చిలైటు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాం.

మా గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళు. కాలు పెడితే కదలవు. ఈ బాతూర్ నిన్నమొన్నటి కొండ, నల్లటి కంకర. రెండడుగులు ఎక్కితే ఒకడుగు జారుతుంది. మా ఆవిడ దారిలో మూడుసార్లు కూర్చుంది. కూర్చున్న ప్రతిసారీ నా వైపే చూసింది గానీ కొండ వైపు చూడలేదు.

పైకి పోయాక చలి. నల్లగొండలో 44 డిగ్రీలు వదిలేసి వచ్చిన మనుషులం, నిప్పుల కొండ నెత్తిన కూర్చుని అద్దె జాకెట్లలో వణికాం. ఇదొక్కటి చాలు కేసు వేయడానికి. సూర్యోదయం మాత్రం బాగుంది. కింద చెరువు, ఎదురుగా ఇంకో కొండ, మధ్యలో మబ్బులు. కానీ సూర్యుడు మాకు కొత్తేం కాదు. మేం ఆయనకు భయపడే ఇక్కడిదాకా వచ్చాం.

ఇక అసలు విషయం. గైడు ఒక రాతి సందులో కోడిగుడ్లు పెట్టి అరటాకు కప్పాడు. కాసేపటికి తీసి ఇస్తే ఉడికాయి. ఆ సందులోంచి వచ్చే ఆవిరి ఎంతంటే, మా క్లాక్ టవర్ దగ్గరి టీ బండి మీద వచ్చేదాంట్లో సగం. మా ఆవిడ గుడ్డు ఒలుస్తూ "ఇంట్ల గ్యాస్ ఉండంగ గింత దూరమెందుకు రా తమ్మీ" అంది. బామ్మర్ది జవాబు ఇవ్వబోయేలోపు ఒక కోతి వచ్చి, మేం నల్లగొండ నుంచి మోసుకొచ్చిన సకినాల పొట్లం ఎత్తుకుపోయింది. కోతులున్నాయని ముందే చెప్పని ఆ టూర్ కంపెనీ పేరు మర్యాద కొద్దీ రాయడం లేదు.

అప్పుడు అన్నాడు మా బామ్మర్ది, దిగులుగా, "బావా, గేట్లు ఎత్తలే."

ఈ మాట బాలి వాళ్ళకు అర్థం కాదు, మన జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. నాగార్జున సాగర్‌కు 26 క్రస్ట్ గేట్లున్నాయి. అవి ఎత్తితే పులిహోర డబ్బాలు కట్టుకుని ఊళ్ళకు ఊళ్ళు కదులుతాయి. ఎత్తకపోతే అదొక పెద్ద గోడ. పోయొచ్చిన మనిషిని ఎవరూ "డ్యామ్ ఎట్లుంది" అని అడగరు, "ఎన్ని ఎత్తిన్రు" అని అడుగుతారు. చూడ్డానికి పోవడమంటే మాకు అదే లెక్క. అందుకే నా డిమాండ్: అగ్నిపర్వతాలు కూడా ఇరిగేషన్ వాళ్ళలాగా ముందురోజు ప్రకటన ఇవ్వాలి. ఇటలీలో స్ట్రాంబోలి అనే దీవి ఉందట, రెండు వేల ఏళ్ళుగా దాదాపు ఆగకుండా నిప్పులు చిమ్ముతూనే ఉంది. డ్యూటీ అంటే అదీ.

మన దేశంలోనూ ఒకటుంది, అండమాన్‌లో బారెన్ దీవి. 1991లో మళ్ళీ రాజుకుంది. కానీ దిగనివ్వరు, పడవలోంచే చూడాలి. "సొంత దేశంలది, దిగనియ్యరా!" అని బామ్మర్ది అలిగాడు.

గేట్లు ఎత్తిన సందర్భాలు నేను వెతక్కపోలేదు. అదే బాలిలో 2017 నవంబర్‌లో అగుంగ్ కొండ బూడిద లేపితే విమానాశ్రయం మూసేశారు, వేలమంది పెట్టెల మీద పడుకున్నారు. 1963లో అదే కొండ వెయ్యి మందికి పైగా మనుషుల్ని తీసుకుపోయింది. న్యూజిలాండ్‌లో వకారి దీవి మీద 2019 డిసెంబర్ 9న 47 మంది ఉండగానే పేలింది. 22 మంది పోయారు. వాళ్ళూ మాలాగే డబ్బులు కట్టి, హెల్మెట్లు పెట్టుకుని, పొగ దగ్గరికి పోయినవాళ్ళే. ఇది చదివి వినిపిస్తే బామ్మర్ది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక్క గేటు ఎత్తితే చాలు బావా, అన్నీ వద్దు" అన్నాడు.

దిగి వ్యానులో తిరిగి వస్తుంటే ఇంకో కడుపుమంట. కింద మడులు మడులుగా వరి. బూడిద పడ్డ నేల, పచ్చగా ఉంది. వాళ్ళ కొండ నిప్పులు కక్కి పంటలిచ్చింది, మా కొండలు నోరు మూసుకుని కూర్చుని బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ కలిపాయి. ఇది అన్యాయమని గట్టిగా రాద్దామనుకున్నాను గానీ, తూర్పు ఆఫ్రికాలో అగ్నిపర్వతపు రాళ్ళూ నీళ్ళలో ఫ్లోరైడే కలుపుతాయట. ఆ నీళ్ళు బాగుచేయడానికి టాంజానియా వాళ్ళు తెచ్చుకున్న పద్ధతుల్లో ఒకటి, పటిక, సున్నం వేసేది. దాని పేరే నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్ళు కనిపెట్టి మా ఊరి పేరు పెట్టారు. మేం వీసా తీసుకుని, వణుక్కుంటూ ఒక అగ్నిపర్వతం చూసొచ్చాం. మా ఫ్లోరైడ్ మాత్రం మాకంటే ముందే వాటి దగ్గరికి పోయి పనిలో చేరింది.

ఫిర్యాదుకు సాక్ష్యంగా బామ్మర్ది కొండ మీంచి ఒక నల్లరాయి జేబులో వేసుకొచ్చాడు. ఒంటినిండా చిల్లులు, బెండులాగా తేలిక. షోకేసులో టీవీ పక్కన పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. అందరూ చేతిలో ఎగరేసి చూసి, "పొగ వచ్చిందా?" అని అడిగారు. నాలుగో రోజు రాయి కనిపించలేదు. ఇల్లంతా వెతికితే బాత్రూంలో బకెట్ పక్కన దొరికింది. మా అత్తమ్మ మడమలు రుద్దుకుంటోంది.

"మస్తుగున్నది బిడ్డా," అంది. "దుకాణంల దానికంటె మంచిగ పనిజేస్తున్నది. ఇంకోటి తేకపోతివా?"