ఓడ ముక్కును ఏ నీటిలో పరీక్షించాలి?

కొత్త ఓడ కట్టించుకునే యజమాని షిప్‌యార్డుతో చేసుకునే ఒప్పందంలో వేగానికి ఒక అంకె ఉంటుంది. ఓడను అప్పగించే ముందు గాలి తక్కువగా ఉన్న రోజు చూసి సముద్రంలోకి తీసుకెళ్తారు. ఆ అంకె వచ్చిందో లేదో కొలుస్తారు. రాకపోతే షిప్‌యార్డు పరిహారం కట్టాలి. ఆ తర్వాత పాతికేళ్ల పాటు ఓడ తిరిగేది అలాంటి రోజుల్లో మాత్రమే కాదు కదా! అందుకోసం ఇంజిను శక్తికి 15 శాతం అదనంగా కలుపుతారు. దాన్ని 'సీ మార్జిన్' అంటారు. ముక్కు సన్నగా ఉన్నా, మొద్దుగా ఉన్నా, ముందుకు విచ్చుకున్నా, వెనక్కి వాలినా ఆచారంగా వేసే అంకె చాలాచోట్ల అదే. ఓడ ముక్కు గురించి జరగాల్సిన అసలు చర్చ ఆ 15 శాతం కింద కప్పబడిపోయిందని నా అభిప్రాయం.

మన తీరపు పడవవాళ్ల మాటల్లో పడవ ముందు కొస అణియం, వెనుక కొస అమరం. ఎదురు కెరటం మీదికి పడవను నడిపినవారికి అణియం పని ఏమిటో చెప్పనక్కర్లేదు. అల వచ్చేసరికి ముక్కు లేవాలి. లేవకపోతే నీళ్లు పైకెక్కుతాయి. మరీ లేస్తే దిగేటప్పుడు అడుగు నీటిని చరుస్తుంది. రెండు వందల మీటర్ల ఓడకైనా తిప్పలు ఇవే. చరిచిన దెబ్బ ముక్కు దగ్గరే ఆగదు. ఉక్కు పొడవునా వణుకు పాకుతుంది. వంటగదిలో గిన్నెలు గలగలమంటాయి. కొట్టిన గంట మోగినట్టు ఓడంతా మరికొన్ని సెకన్లు కంపిస్తూనే ఉంటుంది. నావికులు దీన్ని స్లామింగ్ అంటారు. అలాంటి దెబ్బలు వరుసగా పడుతుంటే కెప్టెన్ ఇంజిను జోరు తగ్గిస్తాడు. అల అడ్డుపడి తగ్గే వేగం ఒకటి, ఓడా మనుషులూ తట్టుకోలేరని కెప్టెన్ తానే తగ్గించుకునే వేగం మరొకటి. ఈ రెండో దాన్ని చాలావరకు నిర్ణయించేది ముక్కు ఆకారమే. సౌకర్యం ఒక పద్దు, పనితీరు ఇంకో పద్దు అనుకోవడంలోని పొరపాటు ఇక్కడే బయటపడుతుంది.

నీళ్లు పైకెక్కడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి 1980 సెప్టెంబరులో జపాన్ సమీపంలో తుపానులో మునిగిన బ్రిటిష్ నౌక డెర్బీషైర్ చాలు. అందులో ఉన్న 44 మందిలో ఒక్కరూ మిగల్లేదు. తర్వాత సముద్రపు అడుగున శకలాలను వెతికి చేసిన విచారణలో తేలిన క్రమం ఇది: ముక్కు మీద విరుచుకుపడిన కెరటాలు ముందు భాగంలోని గాలి గొట్టాలను విరిచాయి. వాటిగుండా గంటల తరబడి నీరు లోపలికి దిగింది. ముక్కు బరువెక్కి వాలింది. దాంతో అలలు మరింత వెనక్కి వచ్చి సరుకు గదుల మూతలను కుంగదీశాయి. ఇప్పుడు డెర్బీషైర్ లాంటి, ఖనిజాన్ని విడిగా రాశిపోసి మోసే పెద్ద బల్క్ నౌకలకు ముందు భాగంలో ఎత్తైన మేడ లాంటి కట్టడం ఉండాలన్న నిబంధన ఉంది.

గత శతాబ్దంలో ముక్కుకు జరిగిన అతి పెద్ద మార్పు నీటి కింద జరిగింది. అమెరికా నౌకాదళ ఇంజినీరు డేవిడ్ టేలర్ కృషితో 1910లో వచ్చిన డెలావేర్ యుద్ధనౌకకు నీటి మట్టం కింద ఉబ్బెత్తు ముక్కు పెట్టారు. ఆ ఉబ్బు తానొక అలను పుట్టిస్తుంది. ఆ అల పల్లం సరిగ్గా ఓడ పుట్టించే అల శిఖరం ఉన్నచోట పడితే రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, ఇంధనం మిగులుతుంది. దీన్ని శాస్త్రంగా నిలబెట్టినవారిలో జపాన్‌కు చెందిన తకావో ఇనూయి ముఖ్యుడు. అయితే ఈ లెక్క ఒక వేగానికి, ఓడ నీటిలో మునిగే ఒక లోతుకు కుదిరినది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత కంటైనర్ ఓడలు ఇంధనం కోసం నెమ్మదిగా నడవడం మొదలుపెట్టాక అదే ఉబ్బు భారమైంది. కొన్ని కంపెనీలు నిక్షేపంగా ఉన్న ముక్కులను కోయించి చిన్నవి అతికించుకున్నాయి. నిశ్చల నీటిలోనే, వేగం మారినందుకే ఇంత తేడా వస్తే, అలల్లో ఎంత తేడా ఉండాలి?

నీటి పైభాగం సంగతి చూద్దాం. మామూలు ఓడ ముక్కు పైకి పోయేకొద్దీ పక్కలకు విచ్చుకుంటుంది. ఆ విచ్చు తుంపరను పక్కకు నెడుతుంది, పైన డెక్కు వెడల్పు పెరుగుతుంది, కంటైనర్ ఓడకు అదనంగా కొన్ని వరుసల పెట్టెలు పడతాయి. వ్యాపారికి ఆ వరుసలు డబ్బు. దాని మూల్యం 1998 అక్టోబరులో ఉత్తర పసిఫిక్‌లో ఏపీఎల్ చైనా అనే ఓడ చెల్లించింది. తుపానుకు ఎదురుగా ముక్కు పెట్టి నడుస్తున్న ఆ ఓడ అనుకోకుండా పక్కలకు ఒరగడం మొదలుపెట్టి దాదాపు 40 డిగ్రీల వరకు వెళ్లింది. డెక్కు మీది సుమారు 1,300 పెట్టెల్లో మూడో వంతు సముద్రం పాలయ్యాయి, మరో మూడో వంతు నలిగాయి. ఎదురు అలకు ఓడ పక్కకు ఎందుకు ఒరగాలి? విచ్చుకున్న ముక్కు, వెడల్పైన చదునైన వెనుక భాగం ఉన్న ఓడ కింద నుంచి అల శిఖరం జరుగుతుంటే నీటిని తాకే వెడల్పు మారుతూ, ఓడ నిలదొక్కుకునే బలం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఉయ్యాల మీద నిలబడిన పిల్లవాడు పక్కన ఎవరూ తోయకుండానే, మోకాళ్లు వంచి లేస్తూ సరైన సమయానికి ఊపు పెంచుకుంటాడు. అచ్చం అలాగే ఓడ ఊగడం పెరిగిపోతుంది.

ఈ నేపథ్యంలో 2006లో నార్వేలో బూర్బోన్ ఓర్కా అనే నౌక నీటిలోకి దిగింది. సముద్రంలోని చమురు వేదికలకు లంగర్లు వేసే, సామాన్లు చేరవేసే 86 మీటర్ల పనివాటం ఓడ. దాని ముక్కు ముందుకు పొడుచుకురాలేదు, నీటి మట్టం నుంచి పైకి, వెనక్కి వాలింది. ఉల్‌స్టెయిన్ సంస్థ దీనికి ఎక్స్-బో అని పేరు పెట్టుకుంది. చూసినవాళ్లకు ఓడను తిరగేసి కట్టారేమో అనిపించింది. నిజానికి 1900 నాటి యుద్ధనౌకల్లో ఈ వాలు మామూలే. అప్పట్లో శత్రు నౌకను కుమ్మడానికి అలా కట్టేవారు. 1866లో లిస్సా యుద్ధంలో ఒక ఓడ మరో ఓడను కుమ్మి ముంచిందన్న ఒక్క ఉదాహరణను పట్టుకుని నౌకాదళాలు దశాబ్దాల పాటు ఆ కొమ్ములు పెట్టాయి. 1893లో బ్రిటిష్ నౌక క్యాంపర్‌డౌన్ తన కొమ్ముతో ముంచింది తమ సొంత నౌక విక్టోరియానే.

నార్వే వాళ్ల కారణం వేరు. విచ్చుకున్న ముక్కు అలలో కొంచెం మునగగానే దాని వెడల్పు ఒక్కసారిగా పెరుగుతుంది, నీరు పైకి నెట్టే బలమూ ఒక్కసారిగా పెరుగుతుంది. ముక్కు ఎగిరి, అల దాటాక అంతే విసురుగా పడుతుంది. వెనక్కి వాలిన సన్నని ముక్కులో ఆ బలం నెమ్మదిగా, ఎక్కువసేపు పెరుగుతుంది. అలను గుద్దకుండా కోసుకుంటూ కొంత లోపలికి వెళ్లి, మెల్లగా లేస్తుంది. విచ్చు లేదు కాబట్టి దాని కింద చరుపు లేదు. కుదుపు తగ్గుతుంది కాబట్టి కెప్టెన్ చెయ్యి ఇంజిను మీదికి ఆలస్యంగా వెళ్తుంది.

ఈ ఆకారం ముందు పుట్టింది చమురు వేదికల ఓడల్లోనే. దానికి కారణాలు రెండు అనుకుంటాను. మొదటిది, ఈ ఓడల్లో వెనుకంతా ఖాళీ డెక్కు, మనుషుల గదులన్నీ ముక్కు మీదే. అల ఎత్తి పడేసేది నేరుగా వాళ్ల మంచాలనే. కంటైనర్ ఓడలో సాధారణంగా గదులు వెనుకవైపు ఉంటాయి, ముక్కు బాధ పెట్టెలది. రెండోది డబ్బు. చమురు కంపెనీలు ఇలాంటి ఓడలను రోజువారీ అద్దెకు తీసుకుంటాయి. సముద్రం బాగాలేక పని ఆగిన రోజు లెక్కల పుస్తకంలో కంటికి కనబడుతుంది. చాలా సరుకు ఓడలు కాలపరిమితి అద్దె మీద తిరుగుతాయి, వాటిలో ఇంధనం ఖర్చు అద్దెకు తీసుకున్నవాడిది. ఓడ కట్టించేవాడికి అలల్లో కాలిపోయే ఇంధనం సొంత నష్టంగా తగలదు. ఆ తర్వాత ఈ ముక్కును ఆదరించింది పర్యాటక నౌకలు. 2019లో గ్రెగ్ మోర్టిమర్ అనే నౌక ఈ ముక్కుతో అంటార్కిటికా యాత్రలు మొదలుపెట్టింది. డబ్బిచ్చి ఎక్కేవారి కడుపు తిప్పకూడదు కదా! నెలల తరబడి ఓడలోనే బతికే నావికుడి నిద్రకు అంత విలువ దొరకడం లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి వాణిజ్య నౌకల్లో పనికి వెళ్లే పిల్లల సంగతి తెలిసినవాడిగా ఈ మాట బాధతోనే అంటున్నాను.

మనిషి శరీరం ఏ ఊపుకు తట్టుకోలేదో తెలియని విషయం కాదు. 1970ల్లో జరిగిన ప్రయోగాల్లోనే తేలింది: సుమారు 5, 6 సెకన్లకోసారి పైకీ కిందికీ ఊపితే వాంతులు అత్యధికం. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం నావికుడికి 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలి. 10,000 టన్నులు దాటిన కొత్త ఓడల పడక గదుల్లో శబ్దం 55 డెసిబెళ్లు మించకూడదన్న నిబంధన 2014లో వచ్చింది. ఆ గది ఎంత విసురుగా ఎగిరిపడవచ్చో చెప్పే అలాంటి తప్పనిసరి అంకె సరుకు ఓడలకు లేదు. కొత్త ఓడలకు 2013 నుంచి అమలవుతున్న ఇంధన సామర్థ్య సూచికదీ ఇదే తీరు. అలల వల్ల తగ్గే వేగానికి ఆ సూత్రంలో ఒక గుణకం ఉంది. తప్పనిసరి లెక్కలో దాని విలువ 1. అలలే లేవన్నట్టు!

ఇంత చెప్పానని ఎక్స్-బోను సర్వరోగ నివారిణి అనడం లేదు. 8 సెకన్లకొకటి వచ్చే అల పొడవు సుమారు 100 మీటర్లు, 14 సెకన్లదైతే 300 మీటర్లు దాటుతుంది. తన పొడవుకు దగ్గరగా ఉన్న అలే ఓడ ముక్కును ఎక్కువగా ఆడిస్తుంది. కాబట్టి 90 మీటర్ల ఓడకు మేలు చేసిన ఆకారం 350 మీటర్ల ఓడకు పెద్దగా అక్కరకు రాకపోవచ్చు. పైగా ముక్కు ఆకారం పనిచేసేది ప్రధానంగా ఎదురు అలల మీద. పక్క నుంచి వచ్చే అలకు అది చేయగలిగింది చాలా తక్కువ.

ఇది నాకు విశాఖ నుంచి అండమాన్ వెళ్లే ప్రయాణికుల ఓడలో అర్థమైంది. జూలై నెల. రెండో రోజు ఉదయం భోజనశాల బల్ల మీద టీ గ్లాసు ఈ అంచు నుంచి ఆ అంచుకు జారేది, ఒక క్షణం ఆగేది, మళ్లీ వెనక్కి వచ్చేది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన దాన్ని అరచేత్తో ఆపి, "ముందూ వెనకా ఊగితే తట్టుకుంటాం బాబూ, పక్కలకే కష్టం" అన్నారు. ఇంటికొచ్చాక పటం తీసి చూశాను. ఓడ వెళ్లేది ఆగ్నేయంగా. వర్షాకాలపు కెరటాలు వచ్చేది నైరుతి నుంచి, శీతాకాలపు గాలి ఈశాన్యం నుంచి. రెండు రుతుపవనాల్లోనూ అల ఓడను దాదాపు పక్క నుంచే కొడుతుంది! ఆ దారికి నార్వే ముక్కు తెచ్చి పెట్టినా టీ గ్లాసు జారడం ఆగదు. అక్కడ కావలసింది పక్కలకు ఊపు తగ్గించే రెక్కలు, నీటి తొట్లు.

విశాఖలోని నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 2016లో ప్రారంభమైన ఒక కొలను ఉంది. 135 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు. ఓడ నమూనాకు ఎదురు అల, పక్క అల, వెనుక అల ఏదైనా తగిలించి చూడడానికే దాన్ని కట్టారు. అది ముఖ్యంగా నౌకాదళం కోసమే అయినా, ప్రజల డబ్బుతో కట్టే ప్రయాణికుల ఓడల నమూనాలకూ అక్కడ చోటివ్వాలి. ఆ ఓడల టెండరు పత్రంలో వేగం అంకె పక్కనే మరో మూడు అంకెలు రాయించాలి: ఆ దారిలో జూలై అలకు ఓడ నిలబెట్టుకోవాల్సిన వేగం, అన్నిటికంటే ముందున్న పడక గది ఎగిరిపడే విసురు, పక్క అలకు ఓడ ఒరిగే కోణం. ఆ మూడూ రాకపోతే, వేగం రానప్పటిలాగే, షిప్‌యార్డు పరిహారం కట్టాలి.