మస్టరు బుక్కు గారికి ఒక ఫోర్‌మన్ విన్నపం

మా హాజరు పట్టీ, మహారాజశ్రీ మస్టరు బుక్కు గారి సముఖమునకు,

బాలానగర్ షెడ్డు నుంచి లేత్ (ఇనుము తిప్పి చెక్కే మిషన్) ఫోర్‌మన్ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు 99 పేర్లతో క్షేమమని తలుస్తాను.

ఆర్డర్లు పెరిగాయి, మిషన్లు పెరిగాయి. నూరో పేరు దగ్గరకొచ్చేసరికి మాత్రం తమరి పెన్నులో సిరా ఆరిపోతుంది. మనిషిని తీసేయాలంటే సర్కారు అనుమతి కావాలని పారిశ్రామిక వివాదాల చట్టంలో 1976లో ఒక అధ్యాయం చేర్చారు. మొదట 300 మంది ఉన్న ఫ్యాక్టరీలకన్నారు, 1982 సవరణతో 100కి దించారు. కూలివాడి పొట్ట కొట్టొద్దనే. మా సేటు ఇంకోలా చదువుకున్నాడు: తీసేయలేనివాణ్ణి పెట్టుకోనేల? గోడ అవతల బావమరిది పేరున ఇంకో షెడ్డు లేచింది, దానికి తమరి తోబుట్టువు. టర్నింగ్ ఇక్కడ, గ్రైండింగ్ అక్కడ. ట్రాలీలో బుష్‌లనే ఇనుప గొట్టాలు చలానాతో గేటు దాటి వెళ్తాయి, ఇంకో చలానాతో తిరిగొస్తాయి. పూటకో గంట ఆ ప్రదక్షిణకే సరి.

ఇక తమరి 240 రోజుల లీల. ఏడాదిలో ఆ 240 రోజులు పనిచేస్తే నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం లేకుండా పంపడానికి లేదు. వనపర్తి కుర్రాడొకడు టూల్ నూరడం కూడా రాకుండా వచ్చాడు. ఏడో నెలకి మిషన్ చప్పుడు విని టూల్ అరిగిందని చెప్పేవాడు. 232వ రోజున తమరి గళ్లలో వాడి పేరు లేదు. కొత్తవాడు మొదటి వారం తిప్పిన బుష్‌లన్నీ స్క్రాపు డబ్బాలోకే. పరిహారం మిగిలింది, ఇనుము పోయింది. ఏళ్లకేళ్లు మనిషిని టెంపరరీగానే ఉంచి హక్కు ఎగ్గొట్టడం తప్పని ఆ చట్టం ఐదో షెడ్యూల్లోనే ఉండేది. తమరికి గళ్లే తప్ప షెడ్యూళ్లు ఉండవు కదా, పాపం.

అంతా చట్టం మీదికి నెట్టను లెండి. బెడ్డు అరిగిన పాత లేతు మార్చొద్దని ఏ సెక్షనూ చెప్పలేదు.

2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం బదులు పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది, అనుమతి హద్దు మళ్లీ 300. గోడ కొట్టేస్తారేమోనని అడిగాను. "అప్పుడూ 300 అనే మొదలెట్టారు, తర్వాత వంద చేశారు. గోడ ఉండనీ" అన్నాడు సేటు. నిన్న కొత్త మస్టర్లు మూడొచ్చాయి. అట్టల మీద మూడు కంపెనీల పేర్లు నన్నే రాయమన్నారు, నా దస్తూరీ బాగుంటుందట.

ఇట్లు,
తమరి 41వ గడి